ఇనుప మంద, ఒక్క గుడ్డు

మఖ కార్తె, తొమ్మిదో రోజు

నా ఉద్యోగం పేరు గృహిణి. నియామకపు కాగితంలో అలాగే ఉంది. ఇల్లు చూసుకోవడం పని. ఇల్లంటే ఒక వంటగది, ఒక పడకగది, గొర్రెల కొట్టం, వాటి చుట్టూ పన్నెండు వేల ఎకరాల గడ్డి.

పొద్దున కొట్టం ఊడ్చాను. మంద పళ్ళు ఊడదీసి కడిగి, నూనె రాసి, తిరిగి బిగించాను. వానలు పడ్డాక పల్లేరు కాయలు పళ్ళ సందుల్లో ఇరుక్కుంటున్నాయి. మొండితోక వెనక కాలు కీచుమంటోంది. దానికి రెండు చుక్కలు ఎక్కువ పోశాను. నూనె ఒకటిన్నర సీసా మిగిలింది. సరుకుల బండి వచ్చేదాకా సరిపోతుంది.

మందలో పదకొండు ఉన్నాయి. అన్నీ ఇనుపవే. నిజం గొర్రెల్నీ వాటి వెనక తిరిగే మనుషుల్నీ ఈ నేల మీద నుంచి పంపేశాక గడ్డి నిలువెత్తు పెరిగిందట. బట్టమేక పిట్టకు అంత గడ్డి పనికిరాదు. తల ఎత్తితే నలువైపులా దూరందాకా కనబడాలి దానికి. కనబడకపోయేసరికి వెళ్ళిపోయింది. అప్పుడు ఈ యంత్రాలు చేయించారు. గొర్రె మేసినట్టే గడ్డి కోస్తాయి, గొర్రెలాగే పొట్టేలు వెంట నడుస్తాయి. నేను వాటికి మా పాత మంద పేర్లే పెట్టుకున్నాను. బొల్లి, పుల్లి, మొండితోక. మా ఆయన ఉరుకుందప్ప మాత్రం తన మందకు పేర్లు పెట్టలేదు. "పెంటికలు ఎయ్యని గొర్రెకు పేరెందుకే" అంటాడు.

ఆయన ఇల్లు ఇక్కడికి ఉత్తరాన, రెండు రోజుల నడక. ఒక ఇంటికి ఒకే మనిషి అన్నది నియమం. ఈ పిట్టకు బెరుకెక్కువ. ఒక మనిషి నడకనూ, ఒక రంగు బట్టనూ అది ఏళ్ళ తరబడి చూసి చూసి ఓర్చుకుంటుంది. రెండో మనిషి కనబడితే ఎగిరిపోతుంది. అందుకే ఆరేళ్ళుగా నావన్నీ మట్టిరంగు చీరలే. పిల్లలు లేని దంపతులకు ఈ ఉద్యోగాలు ముందుగా ఇస్తారు. చెరొక ఇల్లు ఇస్తారు.

పొద్దు వాలాక గోడలోని పెట్టె దేశం లెక్క చదివింది. ఒక ఆడగొంతు, తొందర లేని గొంతు. మడ అడవుల పిల్లులు ఇన్ని, రాబందులు ఇన్ని, ఫలానా నదిలో మొసళ్ళు ఇన్ని, మంచుకొండల్లో చిరుతలు ఇన్ని. నేను చూడని చోట్లు, చూడబోని జంతువులు. ఆ గొంతు వినడానికే పొయ్యి ఆర్పి కూర్చుంటాను. బట్టమేక పిట్టలు దేశమంతా కలిపి మూడు వందల పదహారు. నిన్నటి లెక్కే.

ఆ తర్వాత భూమిలో వేసిన తీగ మీద ఆయనతో మాట. రోజుకు పది నిమిషాలు ఇస్తారు.

"ఏమ్మే సుంకులూ, కొత్తింటి వాకిలి ఏ దిక్కుకు?"

"తూర్పుకయ్యా. పటం చూపించలేదా వాళ్ళు?"

"తూర్పుకా. మంచిదే. కొట్టం ముందర పొద్దున ఎండ పడతాది."

హస్త కార్తె మొదటి రోజుతో మా ఇద్దరి గడువూ తీరుతుంది. సరిహద్దు అవతల ఇల్లు, మేపుకోవడానికి కొంచెం బీడు ఇస్తున్నారు. అక్కడ నిజం గొర్రెలు ఉంచుకోవచ్చు. ఇరవై కొనాలని ఆయన పట్టు. పన్నెండు చాలని నేను. ఇంకా తేలలేదు.

పుబ్బ కార్తె, రెండో రోజు

సరుకుల బండి తనంతట తాను వచ్చి, దించి, పోయింది. జొన్నలు, బియ్యం, కందిపప్పు, ఎండుమిరప, నూనె సీసాలు రెండు. చింతపండు మళ్ళీ తక్కువ వచ్చింది. ఉల్లిగడ్డల్లో నాలుగు కుళ్ళినవి. అన్నీ రాసి పెట్టాను. ఇదే నాకు ఆఖరి బండికి ముందు బండి అనుకుంటే చింతపండు మీద కోపం రాలేదు.

బట్టమేక పిట్టల్లో పోతును ఇవాళ మళ్ళీ చూశాను. తూర్పు గట్టు మీద మెడసంచి ఉబ్బించుకుని, తెల్లగా, దూరం నుంచి ఎవరో దిండు నిలబెట్టినట్టు ఉంది. బూం బూం అని దాని గొంతు కడుపులో వినబడుతుంది, చెవిలో కాదు. పెట్ట ఒకటి గడ్డిలో మెడ ఎత్తి చూస్తోంది. నేను ఎప్పటి నడకతోనే పక్క నుంచి వెళ్ళాను.

సాయంత్రం ఆయన అడిగాడు, "కొత్తింటి వాకిలి ఏ దిక్కుకన్నావు?"

ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. "పడమటికి," అన్నాను. "అయ్యో, అట్లయితే కొట్టం వెనక్కి మార్చాల," అన్నాడు. నిజంగానే దిగులుపడుతూ అన్నాడు. అప్పుడు తూర్పుకే అని చెప్పాను.

పుబ్బ కార్తె, ఎనిమిదో రోజు

గుడ్డు ఉంది.

మంద ముందు నడుస్తూ ముళ్ళకంప ఏరి పారేయడం నాకు అలవాటు. కొట్టానికి తూర్పున, మొన్న కోసిన గడ్డిలో, పది గజాల దూరంలో పెట్ట లేచి నిలబడింది. ఎగరలేదు. మెడ నిలువుగా పెట్టి, నన్ను ఒక కంటితో చూసుకుంటూ, నాలుగడుగులు పక్కకు వేసింది. నేను ఆగాను. చేతిలోని కంపను మెల్లగా దించాను. అది కూర్చున్న చోట గూడంటూ ఏమీ లేదు. వట్టి నేల, చిన్న గుంట, గుంటలో ఒక్క గుడ్డు. నా పిడికిలి కన్నా కొంచెం పెద్దది, ఎండు పేడ రంగు, మీద ముదురు మచ్చలు.

వెనక మంద వస్తున్న చప్పుడు. వెనక్కి నడిచి, పొట్టేలు మెడ కింద తాళం తిప్పి ఆపాను. పొట్టేలు ఆగితే అన్నీ ఆగాయి. ఒక్కొక్కదాన్నీ చేత్తో తోసుకుంటూ కొట్టానికి చేర్చేసరికి మధ్యాహ్నం దాటింది. పెట్ట మళ్ళీ వచ్చి కూర్చుంది. వంటింటి మెట్టు మీద నుంచి దాని తల కనబడుతోంది.

నియమం నాకు కంఠతా వచ్చు. గూడు కనబడిన రోజే తీగ మీద చెప్పాలి. చెబితే పటం మీద దాని చుట్టూ గీత గీస్తారు. ఆ గీత దాటి మంద అడుగు పెట్టదు. అది మొదటి సగం. రెండో సగం, గూడు కాపు ఉన్న మనిషి మారకూడదు. గుడ్డు పగిలి, పిల్ల తల్లిని వదిలే దాకా, అంటే వచ్చే ఏడాది వానల దాకా, ఆ ఇంట్లో ఆ మనిషే ఉండాలి.

ఈ పిట్ట ఏడాదికి ఒక్కటే పెడుతుంది.

సాయంత్రం తీగ మీద ఆఫీసుకు చెప్పలేదు. రేపు చెబుతాను అనుకున్నాను. ఆయనకూ చెప్పలేదు.

పుబ్బ కార్తె, పదకొండో రోజు

మందను విప్పలేదు. కొట్టంలో నిలబడి ఉన్నాయి. గడ్డి పెరుగుతోంది.

లెక్క ఇలా వేశాను. గుడ్డు పొదగడానికి దాదాపు నాలుగు వారాలు. గడువు తీరేనాటికి ఇంకా పగలదు. చెప్పకుండా వెళ్ళిపోతే కొత్తగా వచ్చే ఆమె మందను విప్పుతుంది. ఆమెకు గుట్టుగా చెప్పి పోదామంటే, మంద ఆగుతుంది గానీ ఆమె నడక వేరు. నడక మారిన చోట పెట్టలు గుడ్లు వదిలి లేచిపోయాయని ఆఫీసు వాళ్ళు ఆరేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. ఎలా కూడినా ఒకే మొత్తం వస్తోంది. ఇంటి ఖర్చు ఎంత బిగించినా ఏదో ఒక సరుకు తగ్గించక తప్పని నెల ఉంటుంది. అలా ఉంది.

"కొత్తింటి వాకిలి ఏ దిక్కుకే?" అని ఆయన ఇవాళా అడిగాడు.

"నువ్వే చెప్పు, చూద్దాం," అన్నాను.

"చెప్పలేదు గదా నువ్వు," అన్నాడు.

ఆయన ఎత్తిపొడవడం లేదు. ఆయనకు తెలియదు. నేను "తూర్పుకు" అన్నాను. "మంచిదే," అన్నాడు, "కొట్టం ముందర పొద్దున ఎండ పడతాది."

అన్నం తిన్న గిన్నె కడగడం మరిచిపోయాను. ఈ ఇంట్లో ఇదే మొదటిసారి.

ఉత్తర కార్తె, మొదటి రోజు

కరీమున్నీసా మేడం తీగ మీదికి వచ్చింది. మా వైపు నలభై ఇళ్ళకు ఆమే అధికారి. ఎప్పుడూ అలసిపోయిన గొంతు, అందులోనే ఒక నవ్వు.

"ఏం సుంకులమ్మా, నీ గొర్రెలకు దసరా సెలవులు ముందే ఇచ్చినావా? పటంలో అన్నీ కొట్టంలోనే కనబడతాండాయి."

"పళ్ళు అరిగిపోయినాయి మేడం. కోత సరిగ్గా పడడం లేదు. నూరుతాన్నా."

"పదకొండింటివీ చేత్తో నూరుతావా? రెండు వారాల్లో పోయే మనిషివి, ఎందుకమ్మా ఆ కష్టం. అడగొచ్చు గదా."

"అలవాటు మేడం."

"నీ అలవాట్లతోనే మా ఆఫీసు నడుస్తాంది," అని నవ్వింది. "ఉరుకుందన్న ఎట్లుండాడు? మొన్న నాతో మాట్లాడినప్పుడు వాళ్ళింటికి సరుకుల బండి వచ్చిన సంగతే గుర్తులేదన్నాడు. ఒక్కడే ఉండి ఉండి మనిషికి ఏకాగ్రత తగ్గిందేమో. కొత్తింటికి పోతే సర్దుకుంటాడులే. నువ్వు పక్కన ఉంటావు గదా."

ఉంటాను అన్నాను.

తీగ పెట్టేశాక మంద దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. మొండితోక వీపు మీద చెయ్యి వేశాను. ఎండకు కాలి ఉంది. నిజం గొర్రె ఎండలో కూడా ఇంత వేడిగా ఉండదు.

ఉత్తర కార్తె, మూడో రోజు

ఆయనతో చెప్పాను. గుడ్డు ఉందని, ఆఫీసుకు చెప్పలేదని, చెబితే ఇంకో ఏడాది ఇక్కడే అని.

"చెప్పకుండా ఎట్లుంటావే?" అన్నాడు.

"నీ కోసమయ్యా."

"నాకేమైంది? గుండులెక్క ఉండా."

"వాకిలి ఏ దిక్కుకో చెప్పు."

"ఏ వాకిలి?"

"కొత్తింటి వాకిలి."

"ఎవురి కొత్తిల్లు?"

నేను గట్టిగా ఏడవకూడదు. బయట పెట్ట కూర్చుని ఉంది. కొంగు నోట్లో పెట్టుకున్నాను. ఆయన "ఏమ్మే, ఏమ్మే" అంటూనే ఉన్నాడు. పది నిమిషాలు అయిపోయి తీగ తెగింది.

ఉత్తర కార్తె, ఐదో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున రొట్టె తడుతున్నాను. కొట్టంలో మూలుగు వినబడింది. మంద లేచేటప్పటి మూలుగు. తాళాలన్నీ నేనే తిప్పి పెట్టాను, ఎలా లేస్తాయి అనుకుంటూ బయటికి వచ్చేసరికి కొట్టం ఖాళీ. పొట్టేలు ముందు, మిగిలినవి వెనక, ఆఖరున మొండితోక కీచు కీచుమంటూ, పది పదకొండు రోజుల క్రితం ఎక్కడ కోత ఆగిందో సరిగ్గా అటే వెళుతున్నాయి. తూర్పుకు.

నాకు వెంటనే తెలిసింది. మేడం ఆఫీసులో కూర్చుని, మెడ తాళాలతో పని లేకుండా, వాటిని లేపింది. పోయే మనిషి చేతులు నొప్పి పెట్టుకోకూడదని, అరిగిన పళ్ళతోనే కోయనిచ్చి నాకు సాయం చేద్దామని లేపింది.

పరుగెత్తకూడదు. ఆరేళ్ళుగా ఈ నేల మీద నేను ఒక్కసారి కూడా పరుగెత్తలేదు. పరుగెత్తితే పెట్ట లేస్తుంది, లేస్తే గుడ్డు గుంటలో ఒంటరిగా ఉంటుంది, పొట్టేలుకు రాయికీ గుడ్డుకీ తేడా చెప్పేవాళ్ళు లేరు. అరవకూడదు. మామూలు నడకతో ఎంత నడిచినా మంద నాకన్నా ముందే ఉంటుంది. దాటిపోయి ఎదురు నిలబడితే ఒకటి ఆగుతుంది, మిగతావి పక్క నుంచి పోతాయి. ఇవన్నీ నేను నిలబడి ఆలోచించలేదు. అప్పటికే కాళ్ళు ఇంట్లోకి తిరిగాయి. తీగ ఎత్తాను.

"మేడం, గుడ్డుంది."

"ఏమీ?"

"తూర్పున, కోత ఆగిన చోట. గుడ్డుంది మేడం. మంద పోతాంది."

ఆమె ఇంకేమీ అడగలేదు. తీగ అవతల వేళ్ళు టకటకలాడడం వినబడింది. నేను తీగను అలాగే వదిలి మెట్టు మీదికి వచ్చాను. పొట్టేలు నడుస్తూనే ఉంది. పెట్ట మెడ దించి నేలకు అంటుకుపోయింది, ఉన్నదీ లేనిదీ తెలియనట్టు. పొట్టేలు ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. అక్కడ ఆగింది. గోడకు తగిలినట్టు పక్కకు తిరిగి, గీత వెంబడి నడవడం మొదలుపెట్టింది. మిగతావన్నీ దాని వెనక తిరిగాయి.

పెట్ట లేవలేదు.

లోపలికి వచ్చి తీగ ఎత్తాను. రొట్టె పెనం మీద బొగ్గయింది.

"ఆగినాయా?" అంది మేడం.

"ఆగినాయి."

"ఎప్పుడు చూసినావు?"

"పుబ్బలో."

"పళ్ళు అరిగినాయన్నావే."

"అరగలేదు మేడం."

"నేను ఈ పొద్దు మందను లేపకుంటే చెప్పేదానివేనా?"

"తెలీదు మేడం. రోజూ రేపు చెబుదామనే అనుకున్నా."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నన్నేం చేసేదానివి సుంకులమ్మా," అంది. "నా చేత్తోనే ఆ గుడ్డు తొక్కించి ఉందువు." తర్వాత, "గుడ్డును రాసుకుంటాను. నువ్వు ఉంటావా పోతావా అనేది మాత్రం నేను రాయను. గడువు తీరిన మనిషిని బలవంతంగా ఉంచే అధికారం నాకు లేదు. కొత్తామె సిద్ధంగా ఉంది. ఆమె వస్తే ఏమైతాదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. రేపు సాయంత్రంలోగా చెప్పు," అంది.

"ఆయన్ని ఇక్కడికి పంపరాదా మేడం?"

"రెండో మనిషి కనబడితే..."

"తెలుసు మేడం. అడిగి చూసినా."

సాయంత్రం దేశం లెక్క చదివినప్పుడు ఆ గొంతు, బట్టమేక పిట్టలు మూడు వందల పదహారు, గుడ్లు తొమ్మిది, అంది. నిన్నటిదాకా ఎనిమిది. ఎక్కడో ఎడారి పక్కన, ఎక్కడో ఉప్పునేలల పక్కన, నాలాగే ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్కరు విని ఉంటారు. తొమ్మిదోది ఎవరిదో అని అనుకుని ఉంటారు.

ఉత్తర కార్తె, ఆరో రోజు

పగలంతా పనులు చేశాను. చేయకపోతే ఆలోచన నిలవదు. నీళ్ళ తొట్టి కడిగాను. కుళ్ళిన ఉల్లిగడ్డలు పూడ్చాను. కట్టి పెట్టుకున్న మూట విప్పలేదు, అలాగని కొత్తగా ఏమీ కట్టనూ లేదు.

సాయంత్రం ఆయనకు మొదటి నుంచి చెప్పాను. మొన్న చెప్పింది ఆయనకు గుర్తులేదని తెలుసు కనుక కొత్తగా చెప్పినట్టే చెప్పాను. పెట్ట ఎలా లేచి నిలబడిందో, ఎలా చూసిందో, మంద ఎలా ఆగిందో.

"పెట్ట లేవలేదా?" అన్నాడు.

"లేవలేదు."

"గట్టిదే."

"నేను వచ్చేస్తాననుకుంటున్నానయ్యా. నీ దగ్గరికి."

ఆయన గొంతు మారింది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. మంద వెనక నడిచేటప్పటి గొంతు. "ఏమ్మే, మన పెండ్లయిన ఏడు, మందను తోలుకోని ఏటి అవతలికి పోయినాం, గుర్తుందా? బొల్లి దోవలో ఈనబట్టె. మంద నిలబడదు గదా, మేత లేని నేల. మా నాయన ఏమన్నాడు? ఆడమనిషి వెనకుంటాది, ఈనినాక పిల్లను సంకన ఏసుకోని వస్తాది, పదండి అన్నాడు. నాకు కాళ్ళాడలేదు నిన్ను ఇడిసిపెట్టి పోను. నువ్వే పొమ్మంటివి. ఆ రాళ్ళ మధ్యన ఒక్కదానివే కూచుంటివి."

"కూచున్నా."

"మూడో నాడు వస్తివి. సంకలో పిల్ల. నీ చీరంతా మురికి."

"నీ కళ్ళకు అదే కనబడింది."

నవ్వాడు. "మరి ఇప్పుడేమే? ఈనేదాన్ని ఇడిసిపెట్టి వస్తారా ఎవురన్నా?"

ముప్పై ఏళ్ళ కిందటి నా చీర మురికి కూడా ఆయనకు గుర్తుంది. కొత్తిల్లు ఉందన్న సంగతి గుర్తులేదు.

తీగ తెగక ముందే "ఉంటానయ్యా," అన్నాను. ఆ తర్వాత ఆఫీసుకు చెప్పాను. మేడం "సరేనమ్మా," అని, ఇంకేదో అనబోయి, "చింతపండు ఎక్కువ పంపిస్తాను," అంది.

ఉత్తర కార్తె, ఏడో రోజు

"మూట కట్టుకున్నావా?" అన్నాడు ఆయన. "ఎప్పుడొస్తావు?"

నేను సిద్ధంగా లేను. నిన్న ఇంత జరిగాక, ఇవాళ మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుందని నాకెందుకు తోచలేదో తెలియదు. చెప్పాను. గుడ్డు ఉందన్నాను. రాలేనన్నాను. చెబుతూ ఉంటే భయం వేసింది. నిన్న ఒప్పుకున్నవాడు ఇవాళ ఒప్పుకోవాలని లేదు.

ఆయన విన్నాడు. "అట్లనా," అన్నాడు. "మన బొల్లి దోవలో ఈనింది గుర్తుందా?" అని మొదలుపెట్టాడు. మొత్తం చెప్పాడు. నేను కూచున్నా అన్నాను, నా చీర మురికి అన్నాడు, నీ కళ్ళకు అదే కనబడింది అన్నాను.

హస్త కార్తె, మొదటి రోజు

ఆయనను తీసుకువెళ్ళే బండి ఇవాళ సరిహద్దు దారిన వెళ్ళింది. ఇంటి కప్పు మీదికి ఎక్కి చూశాను. దుమ్ము ఒక గీతలాగా లేచి, దక్షిణానికి సాగి, అణగిపోయింది. ఆ దుమ్ములో ఆయన ఇటు చూశాడో లేదో తెలియదు. ఇటు అని ఆయనకు తెలుసో లేదో.

కొత్తింట్లో ఆయనతో ఉండడానికి ఆయన అక్క లచ్చుమక్క వచ్చింది. భర్త పోయాక ఆమెకూ ఎవరూ లేరు. సాయంత్రం తీగ ఆమే ఎత్తింది.

"ఏం పిల్లా, మొగుణ్ణి నా నెత్తిన పెట్టి పిట్టను కాస్తాండావంట?"

"అవును వదినా."

"పిట్ట తిక్కలేసి అన్నం మానదు గదా, తెలివైన దానివే. నీ మొగుడు వచ్చినప్పటి నుంచి కొట్టం ఏదీ, కొట్టం ఏదీ అని నా పానం తీస్తాండాడు. గొర్రెలు లేని కొట్టం ఏం జేసుకుంటావురా అంటే ముందర కొట్టం సూపియ్ అంటాడు." గొంతు తగ్గించి, "తింటాండాడు. పండుకుంటాండాడు. నువ్వు దిగులు పడొద్దు. నిన్ను అడగతానే ఉండాడు," అంది.

ఆయన తీగ అందుకున్నాడు. ఎప్పుడొస్తావన్నాడు. చెప్పాను.

హస్త కార్తె, ఐదో రోజు

ఇవాళ ఆయన ఒప్పుకోలేదు.

"పిట్టేంది?" అన్నాడు. "ఏ పిట్ట? నన్ను ఎవురి ఇంట్లోనో పెట్టి నువ్వు యాడ కూచున్నావు? రా."

బొల్లి కథ నేనే మొదలుపెట్టాను. ఏటి అవతల, మేత లేని నేల, మీ నాయన అన్నమాట. ఆయన వినలేదు. "రామ్మే," అన్నాడు. "పొద్దు మునగతాంది, రా." లచ్చుమక్క వెనక నుంచి ఏదో సర్దిచెబుతోంది. ఆయన రా, రా అంటూనే ఉన్నాడు. నేను తీగ పట్టుకుని నిలబడ్డాను. వస్తాను అని అబద్ధం చెప్పవచ్చు, రేపటికి ఆయనకు గుర్తుండదు. నోరు రాలేదు. తీగ తెగే దాకా విన్నాను.

అన్నం వండలేదు. మెట్టు మీద కూర్చున్నాను. వాన పడింది. పెట్ట రెక్కలు కొంచెం విప్పి, గుంట మీదికి ఇంకా వంగి, అలాగే తడిసింది. నేనూ లోపలికి వెళ్ళలేదు.

హస్త కార్తె, తొమ్మిదో రోజు

గుడ్డు పగిలింది.

పొద్దున పెట్ట పక్కకు జరిగి నిలబడింది. దాని కాళ్ళ దగ్గర మచ్చల ముద్ద ఒకటి కదిలింది. తడి, కాళ్ళు పెద్దవి, ఒళ్ళు చిన్నది. రెండుసార్లు బోర్లా పడి మూడోసారి నిలబడింది. పెట్ట ఒక మిడత పట్టి దాని ముందు వేసింది. పిల్లకు అది ఏమిటో తెలియలేదు. మళ్ళీ వేసింది.

ఆఫీసుకు చెప్పాను. మేడం తీగ మీద పక్కవాళ్ళకు అరిచి చెప్పడం వినబడింది, అక్కడ ఎవరో చప్పట్లు కొట్టారు. సాయంత్రం దేశం లెక్కలో మూడు వందల పదిహేడు అన్నారు. కొట్టం ఊడ్చాను. మొండితోక కాలు విప్పి కొత్త నూనె పోశాను. చింతపండు నిండుగా వచ్చింది.

తీగ ఎత్తాను.

"ఏమ్మే, ఎప్పుడొస్తావు?"

ఇవాళ ఆయన గొంతు బాగుంది. మొదటి నుంచి చెప్పాను. ఇడిసిపెట్టి రాలేకపోయానని, ఇవాళ పగిలిందని.

"లేచి నిలబడిందా?"

"మూడోసారికి నిలబడింది."

"మేత ముట్టిందా?"

"తల్లి పెడతాంది. దీనికి ఇంకా తెలియడం లేదు."

"తెలుస్తాదిలే. తొందరపెట్టొద్దు." అవతల లచ్చుమక్కతో, "అక్కా, పిల్ల పడిందంట, నిలబడిందంట," అన్నాడు. మళ్ళీ నాతో, "దానికి నడక వచ్చినాక బయలుదేరు. దోవ నీకు తెలుసు గదా," అన్నాడు.

"తెలుసు."

"నేను మందను మెల్లగా తోలతాంటా. ఎంత దూరం పోయినా మెల్లగానే తోలతా. నువ్వు వెనకాల్నే రా."

సరేనన్నాను.